చేతిబొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మాలంటే: విజయనగరం నుంచి ఒక మార్గదర్శి

నా మొదటి ఆన్‌లైన్ ఆర్డరు హైదరాబాద్‌కి వెళ్లింది. ఆరు తాళ్లతో ఆడే గంగిరెద్దు బొమ్మ. ఇంట్లో ఎంత చక్కగా తల ఊపేదో! అట్టపెట్టెలో పెట్టి, పాత పేపర్లు కుక్కి పంపాను. నాలుగు రోజులకి ఫొటో వచ్చింది. ఆరు తాళ్లూ కలిసి కాకిగూడులా అయిపోయాయి. కింద ఒకటే ప్రశ్న: "ఇది ఎలా ఆడుతుందండీ?" డబ్బు తిరిగి ఇచ్చేశాను. రానూపోనూ కొరియర్ ఖర్చు నామీదే పడింది.

నా చేతిలో ఆడే బొమ్మ, కొన్నవాళ్ల చేతిలో కూడా ఆడాలి. పెట్టె విప్పిన మొదటి నిమిషంలోనే ఆడాలి. అది అర్థమయ్యాక బొమ్మ డిజైను నుంచి ప్యాకింగు వరకు అన్నీ మార్చుకున్నాను. కుట్టు మిషన్, ఓపిక, ఒక మామూలు స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

1. ముందు ఏ బొమ్మ చెయ్యాలో తేల్చుకోండి

ఆడించే బొమ్మలు రకరకాలు. చేతికి తొడుక్కునే చేతిబొమ్మలు, తాళ్లతో ఆడించేవి, పుల్లతో ఆడించేవి, తెర మీద నీడ పడేలా ఆడించే తోలుబొమ్మలు. మొదలుపెట్టేవాళ్లు చేతికి తొడుక్కునే గుడ్డబొమ్మతోనే మొదలుపెట్టండి. బల్లపరుపుగా మడిచి పంపొచ్చు, విరగదు, బరువుండదు. అయిదేళ్ల పిల్లకి కూడా ఎవరూ నేర్పక్కర్లేదు. తాళ్లబొమ్మ చూడ్డానికి గొప్పగా ఉంటుంది, ధర కూడా ఎక్కువ పలుకుతుంది. కానీ అది మీ ముప్పయ్యో ఆర్డరు తర్వాతి మాట.

తోలుబొమ్మల గురించి ఒక మాట. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ఉంది. నిమ్మలకుంట కళాకారులు తరాలుగా చేస్తున్న పని అది. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ప్లాస్టిక్ షీటు మీద రంగులేసి "ఆంధ్ర తోలుబొమ్మ" అని పేరు పెట్టి అమ్మకండి. అది చట్టపరంగా చిక్కు, మర్యాద కూడా కాదు. ఏటికొప్పాక లక్కబొమ్మల పేరు కూడా అంతే. దానికి 2017లో జీఐ వచ్చింది. అక్కడి అంకుడు కర్ర తలకాయలు కొని మీరు బట్టలు తొడిగితే, ఆ మాట ఉన్నదున్నట్టు రాయండి. తల అక్కడిది, బట్ట ఇక్కడిది అని తెలిస్తే కొనేవాళ్లు ఇంకా సంతోషిస్తారు.

మరి మనదంటూ ఏముంది? చాలా ఉంది. గుండెల మీద రేకు తప్పెట కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్ల కళాకారుడు, పైడితల్లి పండగ నాటి పులివేషం, సంక్రాంతి హరిదాసు, గంగిరెద్దు. సింహం, జిరాఫీ బొమ్మలు ఫ్యాక్టరీ నుంచి మన ధరలో పావు వంతుకే దొరుకుతాయి. వాటితో పోటీపడి గెలవలేం. తప్పెటగుళ్ల బొమ్మ మాత్రం ఏ ఫ్యాక్టరీలోనూ తయారవదు.

విడిగా అమ్మడం కంటే కథ సెట్టుగా అమ్మడం మేలు. నా దగ్గర ఎక్కువ వెళ్లేది ఆవు, దూడ, పులి సెట్టు. తెలుగింట్లో పుట్టి ఆ కథ వినని పిల్లలుండరు. బెంగళూరులోనో పుణెలోనో ఉంటూ, పిల్లలకి తెలుగు రావట్లేదని బెంగపెట్టుకున్న అమ్మానాన్నలే నాకు ఎక్కువ ఆర్డర్లు ఇచ్చారు. సెట్టుతో పాటు ఆ కథని పెద్ద అక్షరాల్లో అచ్చువేసిన ఒక కార్డు పెడతాను. జెరాక్స్ షాపులో అయ్యే ఖర్చు రెండు రూపాయలు.

సినిమా హీరోలు, టీవీ కార్టూన్ పాత్రల జోలికి మాత్రం వెళ్లకండి. వాటి మీద హక్కులు వేరేవాళ్లవి. ఫిర్యాదు వస్తే మీ లిస్టింగు, అంటే బొమ్మని అమ్మకానికి పెట్టిన పేజీ, తీసేస్తారు, కొన్నిసార్లు ఖాతానే ఆపేస్తారు.

2. నమూనా కుట్టి, పక్కింటి పిల్లలకి ఇచ్చేయండి

గుడ్డ కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. టైలర్ షాపుల్లో కట్ పీసులు కేజీల్లెక్కన ఇస్తారు. పొందూరు ఖద్దరు ముక్క దొరికితే హరిదాసు పంచెకి అంతకంటే అందమైనది లేదు. వాలుగ చేప దవడతో పత్తి ఏకి వడికిన నూలు అది. ఆ సంగతి లిస్టింగులో రాస్తే చదివేవాళ్లు ఆగి చూస్తారు. కానీ ఖరీదెక్కువ. ప్రతి బొమ్మకీ వాడితే మీకు మిగిలేదేమీ ఉండదు.

కొత్త నూలుగుడ్డని ముందు ఒకసారి నీళ్లలో తడిపి ఆరేయండి. ముడుచుకునేదంతా అప్పుడే ముడుచుకుంటుంది, రంగు పోయేదైతే అప్పుడే బయటపడుతుంది. ఎర్ర గుడ్డ విషయంలో ఈ పని అస్సలు మానొద్దు. పిల్లలు బొమ్మని నోట్లో పెట్టుకుంటారు.

తల గుడ్డతో చేసి దూది కూరొచ్చు, లేదా కాగితపు గుజ్జుతో చెయ్యొచ్చు. మన అమ్మమ్మలు చాటలకి పూసినట్టు గుజ్జులో మెంతిపిండి కలిపితే గట్టిపడుతుంది. కానీ వానాకాలంలో గుజ్జు తల ఆరడానికి వారం పడుతుంది. లోపల తేమ మిగిలితే పెట్టెలోనే బూజు పడుతుంది. నేను జూలై నుంచి అక్టోబరు వరకు గుజ్జు పని ముట్టుకోను, గుడ్డ తలలే.

కొలత దగ్గర చాలామంది తప్పు చేస్తారు. మన చేతికి సరిపోయేలా కుట్టేస్తాం. ఆడించేది పిల్లలైతే వాళ్ల వేలు బొమ్మ చేతి చివరిదాకా అందదు, బొమ్మ చేతులు వేలాడిపోతాయి. రెండు సైజులు పెట్టుకోండి, ఒకటి పెద్దలది, ఒకటి పిల్లలది. మెడలోకి చూపుడువేలు ఇట్టే దూరాలి, కానీ తల జారిపోకూడదు. మెడ లోపల చిన్న అట్ట గొట్టం పెట్టి కుడితే తల నిలబడుతుంది.

అయ్యాక రెండు బొమ్మలు పక్కింటి పిల్లలకి ఇచ్చి వారం రోజులు వదిలేయండి. జాగ్రత్తగా ఆడుకోమని చెప్పకండి. వారం తర్వాత ఏ కుట్టు విడిపోయిందో, ఏ చెవి ఊడిందో చూడండి. నా పులి తోక మూడో రోజుకే ఊడింది. అప్పటి నుంచి తోకని అతుకు లోపలికి పెట్టి రెండుసార్లు మిషన్ వేస్తున్నాను. కళ్లకి గుండీలు పెట్టడం మానేసి దారంతో కుట్టేస్తున్నాను. గుండీ ఊడితే చంటిపిల్లలు మింగే ప్రమాదం ఉంది.

3. కాగితాల పని

ఇది విసుగు పుట్టించే భాగమే, కానీ దాటేయకండి. ముఖ్యంగా మొదటిది.

14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి 2021 జనవరి 1 నుంచి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఇంట్లో కూర్చుని కుట్టేవాళ్లు ఆ లైసెన్సు, పరీక్షల ఖర్చు భరించలేరు. అందుకే ఆ ఉత్తర్వులో ఒక మినహాయింపు పెట్టారు. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు సొంతంగా తయారుచేసి అమ్మే బొమ్మలకి ఆ మార్కు అక్కర్లేదు. జీఐ కింద అధీకృతంగా నమోదైనవాళ్లకి కూడా అంతే. కాబట్టి మీకు అన్నిటికంటే ముందు కావాల్సింది ఆ కళాకారుల గుర్తింపు కార్డు. 'పెహచాన్' కార్డు అంటారు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. మీరు పని చేస్తుండగా తీసిన ఫొటోలు, చేసిన బొమ్మలు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. సందేహముంటే విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్లి అడగండి.

కొందరు "అలంకరణ కోసం మాత్రమే" అని రాసేసి తప్పించుకుందామని చూస్తారు. ఫొటోలో పాప బొమ్మతో ఆడుతూ కనిపిస్తుంటే ఆ ముక్క మిమ్మల్ని ఎలా కాపాడుతుంది?

రెండోది ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు. ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది. దీనికి వెయ్యి, రెండువేలు అడిగే వెబ్‌సైట్లు కనిపిస్తాయి, వాటిని ముట్టుకోకండి.

మూడోది జీఎస్టీ. రాష్ట్రం లోపలే సరుకు అమ్మితే ఏడాదికి 40 లక్షల టర్నోవరు దాటేవరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ లాంటి ఆన్‌లైన్ మార్కెట్లలో అమ్మాలంటే మొదట్లో ఎంత చిన్నవాళ్లకైనా జీఎస్టీ నంబరు ఉండాల్సి వచ్చేది. 2023 అక్టోబరు 1 నుంచి సడలించారు. పాన్‌తో జీఎస్టీ పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు, సొంత రాష్ట్రం లోపల మార్కెట్ల ద్వారా అమ్ముకోవచ్చు. బెంగళూరుకి మార్కెట్ ద్వారా పంపాలంటే మాత్రం అసలు రిజిస్ట్రేషన్ కావాలి. మధ్యలో మార్కెట్ లేకుండా మీరే నేరుగా వేరే రాష్ట్రానికి అమ్మితే, ప్రభుత్వం ప్రకటించిన హస్తకళల జాబితాలోని వస్తువులకి 20 లక్షల వరకు మినహాయింపు ఉంది. దానికి పాన్ ఉండాలి, విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకి ఆన్‌లైన్‌లో తీసే పత్రం, తీయాలి. మీ బొమ్మ ఆ జాబితాలో ఏ కోడ్ (జీఎస్టీలో ఒక్కో రకం సరుకుకి ఇచ్చే అంకె) కిందకి వస్తుందో ఒక ఆడిటర్‌కి బొమ్మ చూపించి తేల్చుకోండి.

పీఎం విశ్వకర్మ పథకం సంగతి కూడా చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో బొమ్మల తయారీ ఒకటి. శిక్షణ రోజుల్లో రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయల వరకు ఇస్తారు. తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, అది తీర్చాక 2 లక్షల అప్పు వస్తుంది. ఇంటికి ఒక్కరికే.

4. ధర

మా వీధిలో ఒక పిన్ని నా ధర చూసి, "గుడ్డ బొమ్మకి నాలుగొందలేటే గుంటా? సంతలో యాభైకి ఇస్తన్నారు కదా!" అంది. ఈ మాట మీకూ వినిపిస్తుంది. అప్పుడు ధర తగ్గించకండి, లెక్క చూసుకోండి.

ఒక పులి బొమ్మకి నా లెక్క ఇది. గుడ్డ, దూది, దారం కలిపి 65 రూపాయలు. పని మూడు గంటలు. గంటకి 65 వేసుకుంటే 195. పెట్టె, కార్డు, టేపు 30. ఫొటోలు తియ్యడం, ఫోన్లో సమాధానాలు చెప్పడం, చెడిపోయిన బొమ్మలు, వీటన్నిటికీ కలిపి 40. మొత్తం 330. వాట్సాప్‌లో నేరుగా అమ్మితే దీని మీద కొంచెం లాభం కలుపుకుంటే సరిపోతుంది. మార్కెట్‌లో పెడితే కమిషన్, ఇతర ఫీజులు, వాటి మీద జీఎస్టీ పోవాలి. ధరలో 20 శాతం దానికే పోతుందనుకుంటే 330ని 0.8తో భాగించాలి. 412.50 వస్తుంది. అది మన చేతి కూలి మాత్రమే గిట్టే ధర, లాభం ఇంకా కలపలేదు. చాలామంది 330కి 20 శాతం కలిపి 396 పెడతారు. అందులోంచి 20 శాతం పోతే చేతికొచ్చేది 317. బొమ్మకి 13 రూపాయలు ఎదురిచ్చినట్టు!

కూలి లెక్క వేసుకోవడానికి సిగ్గుపడేవాళ్లని చూశాను, ముఖ్యంగా ఆడవాళ్లని. "ఖాళీగా ఉన్నప్పుడు కుట్టాను కదా" అంటారు. ఖాళీ సమయం మీది. దాన్ని ఊరికే ఇవ్వాల్సిన పనిలేదు.

గంటలు తగ్గించే ఉపాయం ఒకటుంది. ఒక్కో బొమ్మ మొదలు నుంచి చివరిదాకా కుట్టకండి. సోమవారం పది బొమ్మల కత్తిరింపు, మంగళవారం అన్నిటి కళ్లు, బుధవారం మిషన్ పని. నాకు మూడు గంటల పని రెండుంపావుకి వచ్చింది.

5. బొమ్మని ఆడించి చూపించండి

బల్ల మీద పడుకోబెట్టిన చేతిబొమ్మ ఉతికి ఆరేసిన చొక్కాలా ఉంటుంది. అందులో ప్రాణం ఉండదు. అందుకే ప్రతి ఫొటోలో బొమ్మలోపల చెయ్యి ఉండాలి. మొదటి ఫొటోలో బొమ్మ తల కొంచెం పక్కకి వంచి కొనేవాళ్లనే చూస్తున్నట్టు పెట్టండి.

లైట్లు కొనక్కర్లేదు. పొద్దున తొమ్మిది, పది మధ్య అరుగు మీద నీడపట్టున కూర్చోండి. వెనక సాదా రంగు దుప్పటి, వెలుగు రాని వైపు ఒక తెల్లటి థర్మోకోల్ ముక్క. మొత్తం ఆరు ఫొటోలు చాలు: ఎదురుగా, వెనక, కుట్టు దగ్గరగా, పిల్లల చేతిలో, పెద్దల చేతిలో, మడిచి పెట్టెలో పెట్టినట్టు.

అసలు అమ్మేది వీడియో. ఇరవై సెకన్లు, ఫోన్ నిలువుగా. మొదటి రెండు సెకన్లలోనే బొమ్మ ఏదో ఒకటి చెయ్యాలి. తుమ్మాలి, దాక్కోవాలి, చప్పట్లు కొట్టాలి. గొంతు మీదే పెట్టండి. నా పులి "ఏటి, నన్ను కొనవేటి?" అని మన యాసలో అడిగే వీడియో చూసి వచ్చిన ఆర్డర్లు, నేను శ్రమపడి పుస్తకాల భాషలో మాట్లాడిన వీడియోకి రాలేదు. సినిమా పాటలు పెట్టకండి, వ్యాపార ఖాతాల్లో వాటి శబ్దం తీసేస్తుంటారు.

వివరాల్లో సైజు సెంటీమీటర్లలో రాయండి. ఏ వయసుకి, ఎలా ఉతకాలి, ఎన్ని రోజుల్లో పంపుతారు, ఇవి తప్పనిసరి. వెతికేవాళ్లు 'చేతిబొమ్మ' అని టైపు చెయ్యరు, ఇంగ్లిష్‌లో 'హ్యాండ్ పప్పెట్' అనే కొడతారు. పేరులో రెండూ పెట్టండి.

6. ఎక్కడ అమ్మాలి

ముందు వాట్సాప్ బిజినెస్. కేటలాగులో అయిదు బొమ్మలు, యూపీఐ క్యూఆర్, అంతే. మొదటి పది ఆర్డర్లు అక్కడే చెయ్యండి. తప్పులన్నీ అక్కడ జరిగితే క్షమాపణ చెప్పి సర్దుకోవచ్చు. మార్కెట్లో అదే తప్పుకి ఒక్క నక్షత్రం పడుతుంది, ఎన్నాళ్లకీ పోదు.

తర్వాత ఇన్‌స్టాగ్రామ్, వీడియోల కోసం. ఆ తర్వాతే మార్కెట్లు. అమెజాన్‌లో కారీగర్, ఫ్లిప్‌కార్ట్‌లో సమర్థ్ పేరుతో చేతివృత్తులవాళ్లకి విడిగా కార్యక్రమాలున్నాయి. జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ పోర్టల్ కూడా ఉంది, అక్కడ కళాకారుల కార్డు పనికొస్తుంది. అన్నిచోట్లా ఒకేసారి తెరవకండి. ఒకే బొమ్మ రెండు చోట్ల అమ్ముడైపోయి రాత్రంతా కూర్చుని కుట్టే టెన్షన్ ఎందుకు?

7. ప్యాకింగు

కొరియర్ వాళ్లు బరువు ఒక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు తింటుందో కూడా చూస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తారు. ఆ లెక్క, అసలు బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. నా పాత పెట్టె 35, 20, 10. గుణిస్తే 7,000, భాగిస్తే 1.4 కేజీలు. లోపలి బొమ్మ బరువు 180 గ్రాములు! ఇప్పుడు వాడేది 25, 18, 4. అది 0.36 కేజీలకి వస్తుంది. ఈ చిన్న పెట్టె దొరికాకే నాకు లాభం కనిపించింది.

బొమ్మని ముందు ప్లాస్టిక్ కవరులో పెట్టి అంటించండి, తర్వాత పెట్టె. మన దగ్గర వాన ఎప్పుడు పడుతుందో చెప్పలేం. తాళ్లబొమ్మ అయితే ఒక అట్టముక్కకి పక్కన గాట్లు పెట్టి, ఒక్కో తాడు ఒక్కో గాటులో చుట్టండి. పైన పుల్లని, కింద బొమ్మని అట్టకి కట్టెయ్యండి. ఏ తాడు ముందు విప్పాలో గాట్ల పక్కన అంకెలు వెయ్యండి. గంగిరెద్దు నేర్పిన పాఠం ఇది.

పెట్టెలో, ఆడించే విధానాన్ని బొమ్మలుగా గీసి చూపించే కాగితం, దాని మీద మీ వీడియో తెరుచుకునే క్యూఆర్ ఉండాలి. పెట్టె మీద వస్తువు పేరు, తయారుచేసిన మీ పేరు, చిరునామా, ఫోను, తయారైన నెల, ఎమ్మార్పీ రాయాలి. చిన్నవాళ్లం కదా అని వదిలెయ్యకండి. మూసేముందు బొమ్మ ఆడుతున్నట్టు అయిదు సెకన్ల వీడియో తీసి దాచుకోండి. తిరిగొచ్చిన పెట్టెల గొడవలో అదే మీ సాక్ష్యం.

8. డబ్బు దగ్గర

వాట్సాప్ ఆర్డర్లకి క్యాష్ ఆన్ డెలివరీ పెట్టకండి. తలుపు తియ్యరు, పెట్టె వెనక్కి వస్తుంది, రెండు వైపులా ఖర్చు మనదే.

ఇంకో రకం ఫోను వస్తుంది. "నేను సైన్యంలో పనిచేస్తున్నాను, మా స్కూలుకి యాభై బొమ్మలు కావాలి, అడ్వాన్సు వేస్తాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటారు. బేరం ఆడరు, బొమ్మల గురించి ఒక్క ప్రశ్న అడగరు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పిన్ కొట్టామంటే పోయేది మన డబ్బే. పొరపాటు జరిగితే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి.

9. ఏడాది ప్రణాళిక

సంక్రాంతి బొమ్మల కొలువుకి ఆర్డర్లు డిసెంబరులోనే మొదలవుతాయి. అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో కుట్టి పెట్టుకోవాలి. కానీ మనకి తుపాన్ల కాలం అదే. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ 11న వచ్చాయి. కరెంటు లేక, రోడ్లు మూసుకుపోయి బొమ్మలు ఇంట్లోనే ఆగిపోతాయి. దసరా ఆర్డర్లని సెప్టెంబరు ఆఖరుకే పంపేయండి. మిషన్ కరెంటుదైతే తొక్కుడు మిషన్ ఒకటి అందుబాటులో ఉంచుకోండి. విజయదశమి తర్వాతి మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం. ఆ పండగ రోజుల్లో విజయనగరంలో కొరియర్ బండి కదలదు. మీరూ కుట్టరు, ఒప్పుకోండి. లిస్టింగులో "పంపడానికి వారం పడుతుంది" అని ముందే రాసెయ్యండి.

నవంబరు 14 బాలల దినోత్సవానికి స్కూళ్లు, పుట్టినరోజు రిటర్న్ గిఫ్టులకి ఏడాది పొడవునా అడిగేవాళ్లు ఉంటారు. ఇరవై పైన అడిగితే సగం డబ్బు ముందు తీసుకోండి. వారానికి ఎన్ని కుట్టగలరో తెలిశాకే తేదీ చెప్పండి. నాకు వారానికి పన్నెండు, పండగ వారంలో ఎనిమిది.

ఆర్డరు వెళ్లిన వారానికి ఒక మెసేజ్ పెట్టండి: "పులి ఎలా ఉందండీ?" బొమ్మతో పిల్లలు ఆడుతున్న వీడియో చాలామంది వాళ్లంతట వాళ్లే పంపుతారు. అడిగి, ఒప్పుకుంటేనే మీ పేజీలో వేసుకోండి, పిల్లల ముఖాలు కదా. కుట్టు విడిపోయిందని చెబితే వాదించకండి, బొమ్మ పంపమనండి, బాగుచేసి పంపండి. ఆ హైదరాబాద్ ఆవిడకి నేను ఆరు నెలల తర్వాత గాట్ల అట్టతో ఇంకో గంగిరెద్దు పంపాను, డబ్బు అడగలేదు. ఈసారి ఫొటో రాలేదు, వీడియో వచ్చింది. అందులో ఎద్దు తల ఊపుతోంది, వెనక ఎవరో పిల్లాడు "అయ్యగారికి దండం పెట్టు" అంటున్నాడు. ఆవిడ తర్వాత మూడు సెట్లు కొన్నారు.